ఆయన చూడకుండా పెట్టిన సంతకం

ఆయన పోయిన గంటకే, ఆయన ఎన్నడూ అనని మాట ఒకటి ఆయన పేరు మీద తిరగడం మొదలుపెట్టింది.

గచ్చిబౌలిలో ఆఫీసు బస్సు దిగుతున్నాను. పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ముందు కబురు వచ్చింది. ఆ వెనకే వరసగా దండాల బొమ్మలు. ఆ వెనకే ఎవరో పుణ్యాత్ముడు అప్పటికప్పుడు తయారుచేసిన చిత్రం: వెనక ఉదయిస్తున్న సూర్యుడు, ముందు ఆయన ఐడీ కార్డు ఫోటో, కింద పెద్ద అక్షరాలతో "కష్టాన్ని ప్రేమించండి, విజయం మిమ్మల్ని ప్రేమిస్తుంది". ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. ఆయనే బతికుండి ఇది చూస్తే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మొత్తం ఓపిగ్గా చదివి, "నేనిది అన్నప్పుడు విన్నవాళ్ళెవరండీ?" అని అడిగేవారు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకుందామని.

ఆయన పేరు రాయను. రాస్తే దీన్ని కూడా ఎవరో ఒకరు తీసుకెళ్ళి ఆ సూర్యుడి పక్కన అతికిస్తారు.

ఆయన టెస్టరు. ఒకరు సాఫ్ట్‌వేర్ రాస్తే, అందులో తప్పెక్కడుందో వెతికి చెప్పే పని. ముప్ఫై దాటితే మేనేజరైపోవాలి, నలభై ఐదు దాటితే కనబడకుండా పోవాలి అన్నట్టుండే మా హైటెక్ సిటీలో యాభై దాటిన టెస్టరంటే వింతే. గోదావరి జిల్లా మనిషి. చందానగర్‌లో కాపురం. రోజూ లోకల్ రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి నడుచుకుంటూ ఎనిమిదిన్నరకల్లా సీట్లో ఉండేవారు. ఆ సీటు కూడా అందరిలాంటిది కాదు. చక్రాల కుర్చీ వద్దని, క్యాంటీన్ నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నారు. ఎందుకని అడిగితే, "చక్రాలుంటే మనకి తెలీకుండానే పనికి దూరంగా జరిగిపోతామండీ" అన్నారు. అందరం నవ్వాం. ఆ సాయంత్రం చూసుకుంటే నా కుర్చీ బల్లకి మూరెడు దూరంలో ఉంది.

తప్పు దొరికితే మిగతా టెస్టర్లు పండగ చేసుకునేవాళ్ళు. ఆయన మాత్రం లేచి వెళ్ళి, ఆ ప్రోగ్రాం రాసినతని భుజం మీద మెల్లగా తట్టి, "ఒకసారి రండి, మీరూ చూద్దురుగాని" అనేవారు. తను చెబితే నమ్మమనేవారు కాదు. ఎదుటి మనిషి కళ్ళతో చూసి "అవును సార్" అన్నాకే కాగితం మీద పెట్టేవారు. మా పనిలో ఒక నియమం ఉంది. తప్పు ఉందని చెబితే చాలదు, ఎవరు కావాలన్నా మళ్ళీ చేసి చూసుకునేలా ఒకటి, రెండు, మూడు అని వరసగా మెట్లు రాయాలి. మాకది ఉద్యోగం. ఆయనకి అదే మతం. లోకంలో ఏ మాటనైనా ఆ మెట్లెక్కించి చూసేవారు.

ఆయన ఊతపదం "చూసినవాడెవడండీ?"

భోజనాల దగ్గర ఎవరైనా ఫోన్లో ఒక మహానుభావుడి సూక్తి చదివితే చాలు, మజ్జిగ సీసా పక్కన పెట్టి ఆ ప్రశ్న వేసేవారు. మొదట్లో ఆయన కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని మా అందరి తీర్మానం. దానికితోడు మా హెచ్చార్ వాళ్ళు అప్పుడే "సోమవారం స్ఫూర్తి" అని ఒకటి మొదలుపెట్టారు. వారానికొకరు లేచి చరిత్రలో ఒక గొప్పవాడి గురించి ఐదు నిమిషాలు చెప్పాలి. నాలుగు వారాలు గడిచేసరికి నలుగురు గొప్పవాళ్ళూ వీధి దీపం కిందే చదువుకున్నారు. ఐదోవారం కూడా దీపం వెలగగానే ఆయన చెయ్యెత్తి, "ఆ దీపం కింద ఇంతమంది కూర్చుంటే వెలుతురు సరిపోయిందాండీ?" అన్నారు. హెచ్చార్ అమ్మాయి కూడా నవ్వేసింది. చెప్పినతనికి మాత్రం కోపం వచ్చి, వచ్చేవారం మీరే చెప్పాలి సార్ అని పట్టుబట్టాడు.

ఆయన చెప్పారు. మూసాపేటలో ఒక ఇస్త్రీ బండి మనిషి గురించి. అంతకుముందు ఆయన అక్కడ కిరాయికి ఉండేవారట. ఆ మనిషి ఏ బట్టనైనా పెట్టె కిందికి తేకముందు జేబులన్నీ తడిమి చూస్తాడు. దొరికింది చిత్తు కాగితమైనా సరే పారెయ్యడు. మడతపెట్టి, ఆ బట్టకే పిన్నుతో గుచ్చి ఇస్తాడు. అంతే కథ. అందరూ ఇంకా ఏదో వస్తుందని చూస్తుంటే ఆయన జేబులోంచి కాగితం తీసి చదివారు. "మెట్రో మెట్లు దిగి ఎడమ పక్కకి తిరగండి. పొద్దున్న ఏడింటికి వెళ్ళండి. ఒక చొక్కా తీసుకెళ్ళండి. జేబులో పనికిరాని కాగితం పెట్టండి. సాయంత్రం వెళ్ళి తెచ్చుకోండి." కాగితం మడిచి, "నేను చూశాను. మీరూ చూడచ్చు. చూడడానికి వీలులేని గొప్పతనం నాకు పనికిరాదండీ" అని కూర్చున్నారు.

నేను అప్పుడు మూసాపేటలో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. వికారాబాద్ దగ్గర పల్లె నుంచి వచ్చి ఆరునెల్లు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సరదాకి కుర్తా జేబులో పాత బస్సు టికెట్ పెట్టి ఇచ్చాను. సాయంత్రం టికెట్ పిన్నుతో సహా వచ్చింది. రెండోవారం మళ్ళీ పెట్టాను. ఈసారి బండి దగ్గరికి పోగానే ఆ మనిషి ముఖం చిన్నది చేసుకుని, గోధుమరంగుకి తిరిగిన కాగితం ముక్క నా చేతిలో పెట్టాడు.

"గిది నేను చూడలే బిడ్డా. పరేషాన్ల ఉంటి, జేబు తడమలే. కాలింది. కామ్‌దేనా?"

"పాత టికెట్టే కాకా, ఫికర్ చెయ్యకు," అన్నాను.

మర్నాడు ఎగురుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాను. "మీ మనిషి ఫెయిల్ సార్!" అన్నాను. ఆయన ఎలా నొచ్చుకుంటారో చూద్దామని నా ఆశ. జరిగిందంతా రెండుసార్లు అడిగి చెప్పించుకుని, పెన్సిల్‌తో తను ఆరోజు చదివిన కాగితం మీదే రాసుకుని, ముఖమంతా వెలిగిపోతూ, "ఇప్పుడు బాగుందమ్మా. ఇప్పుడు నమ్మబుద్ధవుతోంది" అన్నారు. ఆ నవ్వు చూశాక ఆయన మీద మా తీర్మానాన్ని నా మటుకు నేను రద్దు చేసుకున్నాను. అప్పటినుంచి ఆయన పక్కనే కూర్చుని అన్నం తినేదాన్ని.

ఇంతవరకూ రాయడం తేలిక. ఆయన గురించి ఎవరైనా అడిగితే నేను ఎప్పుడూ ఇక్కడికే ఆపేదాన్ని.

మాకు అప్పుడు ఒక పరదేశపు క్లయింటు ఉండేవాడు. వాళ్ళకి మేం చేసేది రోగులకి మందుల వేళలు గుర్తుచేసే యాప్. వైద్యానికి సంబంధించింది కాబట్టి పరీక్షల ఫలితాలు కాగితం మీద సంతకాలతో అడిగేవాడు. చేసినవాళ్ళది ఒకటి, సరిచూసినవాళ్ళది ఒకటి. మనిషి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతే ఫోన్ గడియారం మారుతుంది కదా, అప్పుడు మందు గంట సరిగ్గా మోగుతుందా లేదా అని చూసే పదహారు పరీక్షలు నా వంతు. ఒక్కోదానికి గడియారం మార్చి, గంట మోగేదాకా ఫోన్ ముందు కూర్చోవాలి. మర్నాడు మధ్యాహ్నం యాప్ విడుదల. ఆ వారమే నా ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని మేనేజరు నిర్ణయించాలి. రెండు పరీక్షలు చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. మిగతా పద్నాలుగూ ఇలాంటివే కదా అనుకుని, పదహారింటి ఎదురుగా పాస్ అని రాసి సంతకం పెట్టాను. మా వృత్తిలో ఇంతకంటే పెద్ద పాపం లేదు, ఇంతకంటే తేలికైన పాపమూ లేదు.

సరిచూసేది ఆయనే. కాగితం అందుకుని చాలాసేపు చూశారు. పెన్సిల్ చెవి మీద నుంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు.

"పదహారూ మధ్యాహ్నంలోపే అయిపోయాయామ్మా?"

"అయినయ్ సార్."

"చూసినవాళ్ళెవరు?"

"నేనే చూసిన సార్."

నా ముఖంలోకి చూశారు. ఆయన ఎవరి మాటా నమ్మని మనిషని ఆఫీసంతా చెప్పుకునేవాళ్ళు. మామూలుగా అయితే నాలుగైదు పరీక్షలు తనే చేసి చూసుకుని గాని పెన్ను పట్టేవారు కాదు. ఆరోజు "సరేనమ్మా" అని సంతకం పెట్టేశారు.

ఆయన అనుమానించి ఉంటే నాకు రోషం వచ్చేది, నాలుగు అబద్ధాలాడి బయటపడేదాన్ని. నమ్మేసరికి నిద్ర పట్టలేదు. తెల్లవారి ఏడింటికే ఆఫీసుకి వచ్చి, రెండు ఫోన్లు ముందు పెట్టుకుని, మిగిలిన పరీక్షలు వేగంగా గడియారాలు మారుస్తూ ఒక్కొక్కటే చేయడం మొదలుపెట్టాను. ఒకదానిలో గంట మోగింది. మందు వేసుకున్నట్టు నొక్కి, గడియారాన్ని ఇంకో దేశానికి మార్చాను. కొంచెంసేపటికి అదే మందుకి గంట మళ్ళీ మోగింది. ఎవరో ఒక ముసలాయన విమానం దిగి, అదే మాత్ర రెండోసారి మింగడం నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

ఎనిమిదిన్నరకి ఆయన వచ్చారు. అంతా చెప్పేశాను. నిన్న చూడలేదని, ఇప్పుడు చూశానని, చూస్తే ఇది దొరికిందని. తిడతారేమో అనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కుని, "ఏదీ, మళ్ళీ చెయ్యండి" అన్నారు. చేశాను. గంట రెండోసారి మోగింది. "అవునమ్మా" అన్నారు. "పదండి. మీది మీరు చెప్పండి, నాది నేను చెబుతాను" అని లేచారు.

మేనేజరు గదిలో మేం ముగ్గురమే. నేను గంట సంగతి చెప్పాను. విడుదల ఆపాలన్నాను. ఆ ముసలాయన గురించి కూడా చెప్పాను. నా సంతకం దగ్గరికి వచ్చేసరికి నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మనసొప్పక మళ్ళీ ఒకసారి చేసి చూసిన సార్, అప్పుడు దొరికింది."

అందులో ప్రతి మాటా నిజమే అన్నట్టుంటుంది, మొత్తం అబద్ధం. ఆయన నావైపు తిరిగారు. నేను నేల చూస్తున్నాను. కొంచెంసేపు ఎదురుచూసి, మేనేజరుతో, "నిన్న నేను చూడకుండా సంతకం పెట్టానండీ. నాది తప్పు" అన్నారు.

అంతే. ఆయన తన తప్పు చెప్పుకున్నారు, నా తప్పు చెప్పలేదు. విడుదల ఆగింది. మేనేజరు మంచివాడే, గదిలో మాట గదిలోనే ఉంచాడు. కానీ ఆ నెల నుంచి సరిచూసే బాధ్యత ఆయన దగ్గర నుంచి తీసేశారు. ఎవరికీ కారణం చెప్పలేదు. ఆయన మళ్ళీ మాలాగే ఫోన్లు ముందు పెట్టుకుని గంటల కోసం కూర్చున్నారు. నా ఉద్యోగం ఖాయమైంది. శ్రద్ధగా పనిచేసినందుకు ఆ నెల బహుమతి కూడా నాకే ఇచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆయన కూడా ఉన్నారు. పీడకలలో కూడా అంత బాధ పడలేదు నేను.

మా క్యాంపస్ వెనక, పార్కింగ్ పక్కన, బిల్డింగ్ కట్టినవాళ్ళు పగలగొట్టకుండా వదిలేసిన ఒక బండ ఉండేది. భోజనం అయ్యాక ఆయన అక్కడ నిలబడేవారు. చరిత్ర అంటే ఆయనకి పిచ్చి, కానీ గోల్కొండ చూద్దాం రండి అంటే కదిలేవారు కాదు. ఈ బండ చాలనేవారు. ఎప్పుడో ఒక రాళ్ళు కొట్టేవాడు దాన్ని చీల్చడానికి వరసగా ఉలితో కొట్టిన గుంతలు ఉన్నాయి దాని మీద. బహుమతి వచ్చిన మర్నాడు ఆయన వెనకే అక్కడికి వెళ్ళాను.

"మీరెందుకు చెప్పలే సార్, నా ముచ్చట?"

"మీ సంగతి నేనెలా చెబుతానమ్మా? ఆరోజు మీరు చూశారో లేదో మీ ఒక్కరికే తెలుసు. మీరు చెబితే సాక్ష్యం. నేను చెబితే చాడీ."

ఆయన గుంతల మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగారు. "ఇది చూశారా? ఇది వంకర పోయింది. అలాగే వదిలేసి, పక్కన మళ్ళీ కొట్టుకున్నాడు."

"రాయిల కొట్టినంక గుంత ఎట్ల పూడుస్తడు సార్?"

"పూడ్చలేడు. అందుకే నాకు ఈయనంటే ఇంత ఇష్టం," అన్నారు. "మనకేమో పూడ్చుకునే సౌకర్యం ఉంది. అదే వచ్చిన చిక్కు." తరవాత వాచీ చూసుకుని, "తొందరేం లేదమ్మా. ఎప్పుడో ఒకప్పుడు చెప్పెయ్యండి. నా కోసం కాదు. చెప్పకపోతే, ఇకముందు మీరు నిజంగా చూసినవి కూడా మీకు నమ్మబుద్ధి కాదు" అన్నారు.

అదే జరిగింది. నేను మంచి టెస్టర్‌నయ్యాను, నాకంటే జాగ్రత్తపరులు లేరని పేరొచ్చింది. ఒక్కొక్కటీ మూడుసార్లు చూస్తాను మరి. చూసి కూడా బస్సులో అనుమానపడతాను. ఆయన మాత్రం ఆ తరవాత ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. నేను వేరే కంపెనీకి మారేదాకా పక్కపక్కనే అన్నం తిన్నాం. మజ్జిగలో సగం నాకు పోసేవారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మొదటిదానికంటే సిగ్గుచేటు. మారకముందు రెండేళ్ళు కొత్తగా చేరినవాళ్ళకి నేనే శిక్షణ ఇచ్చాను. వాళ్ళకి స్ఫూర్తి కావాలి కదా. మొదటిరోజే ఆయన్ని దూరం నుంచి చూపించి, "గా సార్ చూడకుండ ఒక్క సంతకం పెట్టలే ఇప్పటిదాక" అని చెప్పేదాన్ని. చెప్పేవి శ్రీరంగ నీతులంటారే, అలా. ఆయన్ని గొప్ప చేస్తున్నాననుకునేదాన్ని. నిజానికి ఆ ఒక్క సంతకాన్ని చెరిపేసి, దానితోపాటు నన్నూ చెరుపుకుంటున్నాను.

ఆదివారం పొద్దున్న చందానగర్‌లో, వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద హాల్లో సంస్మరణ పెట్టారు. ఆ సూర్యోదయం చిత్రమే పెద్దది చేయించి గోడకి తగిలించారు. ముందు వరసలో ఆయన భార్య. ఆమెను నేను చూడటం అదే మొదటిసారి. తల కొంచెం పక్కకి వంచి, మర్యాదకి వింటున్నట్టు వింటున్నారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఎన్నడూ విసుక్కోలేదన్నారు. ఎన్నడూ తప్పు చేయలేదన్నారు. ఒకాయన ఏకంగా, చిన్నప్పుడు వీధి దీపం కింద చదువుకున్నారని కూడా చెప్పేశాడు. నవ్వుకోవడానికి పక్కన ఆయన లేరు.

చివర ఒకప్పుడు నా దగ్గర శిక్షణ తీసుకున్నతను లేచాడు. ఇప్పుడు రెండువందల మందికి మేనేజరు. తన టీములోవాళ్ళని కూడా వెంట తెచ్చాడు. "సార్ తన జీవితంలో చూడకుండా ఒక్క సంతకం కూడా పెట్టలేదు," అన్నాడు. "ఆ ఒక్క మాటే నన్ను ఇంతదాకా తీసుకొచ్చింది. నాకది చెప్పింది ఈ మేడం. సార్ పక్కన కూర్చుని కళ్ళారా చూసిన మనిషి." అని చెయ్యి చాపి నన్ను చూపించాడు.

హాలంతా నావైపు తిరిగింది. చెమ్మగిల్లిన కళ్ళు, నవ్వు ముఖాలు. నేను తలూపితే చాలు. ఊపి దండం పెట్టి కూర్చుంటే ఆయన మచ్చలేని మనిషిగా ఆ గోడ మీద మిగిలిపోతారు, నాకూ మర్యాద దక్కుతుంది. కానీ లేచి నిలబడ్డాను.

"పెట్టిన్రు," అన్నాను. "ఒక్కసారి పెట్టిన్రు. నేను అబద్ధం చెప్పిన, నన్ను నమ్మి పెట్టిన్రు."

నన్ను చూపించినతని ముఖం చూడలేకపోయాను. ఇంత చెప్పాను చాలనిపించి, తల దించుకుని కూర్చోబోయాను.

"కూర్చోకమ్మా," అన్నారు ముందు వరసలోంచి ఆయన భార్య. కుర్చీ పూర్తిగా నావైపు తిప్పుకున్నారు. "ఇందాకట్నుంచి వీళ్ళు చెబుతున్న ఆయన ఎవరో నాకు తెలీడం లేదు. మా ఆయన్ని చూసినట్టున్నావు నువ్వు. మొదట్నుంచీ చెప్పు."